వల కన్ను

ఎస్తేరు టీచరుగారి దగ్గు మూడు నెలలైనా తగ్గకపోతే
ఇంటి చుట్టుపక్కల పావురాలున్నాయా అని అడిగాడట
కె.జి.హెచ్. డాక్టరు.
ఆవిడ గోడ మీంచి నా పళ్లెం వైపు చూసింది.
ఏమీ అనలేదు. చూసింది, అంతే.

జ్ఞానాపురంలో మాది మంచం పట్టేంత పెరడు.
పాడైన సీలింగ్ ఫ్యాను రాడ్డు నేలలో పాతి
దాని తల మీద అల్యూమినియం పళ్లెం బిగించాను,
పిచ్చుకల కోసం.
చోళ్లు, కొర్రలు, గుప్పెడు నూకలు.
తెల్లారేసరికి పళ్లెం అంచుకి పోర్టు బొగ్గుమసి
కాటుక దిద్దినట్టుంటుంది.
తుడిచి పోస్తాను.

పిచ్చుకలు హాయిగా తిన్నది నలభై రోజులు.
తర్వాత పావురాలకి కబురందింది.
ముందు ఒకటి, దాని వెనక ఆరు,
వాటి వెనక ఎదురు అపార్ట్‌మెంటు పిట్టగోడ మొత్తం.
మొదటి బంతిలో చోటు దొరికిన పెళ్లిపెద్దల్లా
మెడలూపుకుంటూ దిగబడ్డాయి.
పిచ్చుకలు కరివేపచెట్టులో కూర్చుని
రెండో బంతి కోసం చూసి చూసి
మానేశాయి.

పాత సీడీలు దారాలకి వేలాడదీశాను.
పావురాలు వాటిలో మొహాలు చూసుకున్నాయి.
పూర్ణా మార్కెట్లో రబ్బరు పాము కొన్నాను.
మూడో రోజుకి దాని పడగ మీద రెట్ట.
కర్రకి ప్లాస్టిక్ సంచీ కట్టి చివరికి నేనే నిలబడ్డాను,
అరవై నాలుగేళ్లవాణ్ణి, రోహిణి ఎండలో.
"దిష్టిబొమ్మకి మజ్జిగ కావాలేమో అడగండర్రా"
కిటికీలోంచి మా ఆవిడ.

మాసేనమ్మ చేపల గంప దించి నవ్వింది.
"ఏటి బావూ ఈ అవస్త? వొల కట్టీరాదా?"
మర్నాడు కవళ్ల కింద మడిచి
జాలరిపేట నుంచి చిరుగుల వల ముక్క తెచ్చింది.
కన్ను వెడల్పు మూడు వేళ్లు.
"సిన్నదాన్ని ఒగ్గీసి పెద్దదాన్ని ఆపడవే గదా వొల పని.
దానికి కన్నుంటాది బావూ. ఆకలుండదు."
ఆ చివరి మాట చిల్లర లెక్కపెట్టుకుంటూ అంది,
నాకేసి చూడకుండా.

వల కట్టాక మూడు రోజులు ఏ పిట్టా రాలేదు.
వాసనకి పిల్లి వచ్చింది.
నాలుగోనాడు ఒక పోతుపిచ్చుక
తల వాల్చి ఆ కన్నాన్ని కొలుచుకుని
రెక్కలు ముడిచి లోపలికి దూరింది.
నా చెయ్యి దానంతటదే లేచింది,
పో, పో, లోపలికి, అన్నట్టు.

ముప్పై ఒక్క ఏళ్లు హార్బరు గేటు దగ్గర పాసులు చూసిన చెయ్యి అది.

పావురాలు గోడ మీద వరసగా కూర్చున్నాయి.
వాటిలో ఒకదానికి ఎడమకాలి వేళ్లు లేవు,
ఏ నైలాన్ దారం కోసేసిందో.
అది మాత్రం రోజూ వచ్చి
వల బయట, రాడ్డు మొదట్లో నిలబడేది.
గొడవ లేదు. గూగూ లేదు.
నిలబడేది.

సన్నాసయ్య పాసు మీద ఫోటో వానకి కరిగిపోయింది.
మొహం ఎదురుగానే ఉంది, నేను ఎరిగిన మొహమే,
కానీ కాగితం మీద లేదు.
రూలు అన్నాను.
గేటుకి ఎదురుగా టీబడ్డీ పక్కన
ఆ షిఫ్టు, తర్వాతి షిఫ్టు అయ్యేదాకా నిలబడ్డాడు.
మర్నాడు రాలేదు.
ఎక్కడికి పోయాడో నేను అడగలేదు,
అడగడం నా డ్యూటీ కాదు గనక.

పిచ్చుకలు శుభ్రంగా తినవు.
ఒక గింజ నోట్లోకి, మూడు గింజలు నేల మీదికి.
రాలింది రాలినట్టు ఊడ్చెయ్యాలి,
టీచరుగారికి మాటిచ్చాను.
ఊడుస్తున్నాను కూడా.
కాకపోతే ఈమధ్య చీపురు వెతకడానికి
నాకు కాస్త ఎక్కువసేపు పడుతోంది.

గోడవతల దగ్గు వినబడితే
బకెట్టు నీళ్లు పట్టుకుని లేస్తాను.
అది కుంటుకుంటూ పక్కకి జరిగి
నేను కడిగేదాకా ఆగుతుంది,
తడి నేలలో ఇంకా ఏమన్నా మిగిలిందేమో చూసుకుంటుంది.